దోర్నకల్ బిషప్ అజరయ్య



పొద్దున్నే హోసూరు నుంచి బెంగుళూరు వైపు వెళ్లే బస్సు ఎక్కితే, ఎలక్ట్రానిక్ సిటీ వచ్చేలోగా నాలుగు భాషలు చెవిన పడతాయి. ముందు సీటులో తెలుగు, వెనక సీటులో తమిళం, కండక్టరు నోట కన్నడం, ఫోనులో మాట్లాడే కుర్రవాడిది ఇంగ్లీషు. కోనప్పన అగ్రహారం, దొడ్డతోగూరు అనే పల్లెల పొలాలుండిన చోట 1978లో కర్ణాటక ప్రభుత్వ సంస్థ కియోనిక్స్ ఆ పారిశ్రామికవాడకు పునాది వేసింది. ఈ ప్రసంగం వింటున్న మీలో ఎందరి పిల్లలో ఇవాళ అక్కడ ఉద్యోగాలు చేస్తున్నారు. కుప్పం నుంచి, మదనపల్లె నుంచి, హిందూపురం నుంచి వెళ్లినవాళ్లు సెలవులకు ఇంటికొచ్చినప్పుడు అడిగి చూడండి. పని కష్టంగా ఉందని చెప్పేవాళ్లు తక్కువే. "ఆఫీసులో అందరూ బాగానే మాట్లాడతారు, చేతులు కలుపుతారు, కాని ఇంటికి రమ్మని పిలిచేవాళ్లు లేరు" అనేవాళ్లు మాత్రం ఎక్కువ.

ఈ మాటనే 1910లో, స్కాట్లండు రాజధాని ఎడింబరోలో, ప్రపంచ మిషనరీ మహాసభ వేదిక మీద నిలబడి ఒక భారతీయుడు అన్నాడు. ఆయన తమిళుడు. కాని ఆయన జీవితం తెలుగు పల్లెల్లో గడిచింది. ఆయన పేరు వేదనాయకం శామ్యూల్ అజరయ్య.

అజరయ్య గారు 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతంలోని వెళ్లాళన్‌విళై అనే ఊళ్లో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయకం గారు ఆ ఊరి చర్చికి పాస్టరు. వాళ్లది నాడార్ కుటుంబం. తాటిచెట్లు ఎక్కే కులమని పై కులాలవారు ఆ రోజుల్లో వాళ్లను చిన్నచూపు చూసేవారు. అజరయ్య గారి చిన్నతనంలోనే తండ్రి పోయారు. ఎల్లెన్ అనే ఆ తల్లి కొడుకును చదివించుకుంది. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గణితం చదివారు గాని, చివరి పరీక్షల వేళకు జబ్బుపడి పట్టా లేకుండానే బయటికొచ్చారు. అదే మనిషికి 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

1895 నుంచి పద్నాలుగేళ్లు వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దక్షిణదేశమంతా తిరిగారు. 1902లో సింహళంలోని యాళ్పాణం వెళ్లినప్పుడు, అక్కడి తమిళ క్రైస్తవులు సొంత డబ్బుతో సొంత మనుషుల్ని పరాయి ప్రాంతాలకు ప్రచారానికి పంపడం చూశారు. మనమెందుకు చేయకూడదనిపించింది. మరుసటి ఏడాదే తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. 1905 క్రిస్మస్ రోజున బెంగాల్‌లోని సీరాంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీ పుట్టింది. ఈ సంస్థలకు డబ్బు, మనుషులు, అజమాయిషీ మూడూ ఇక్కడివే. విదేశీ సాయం మీద నడవడమే మామూలైన కాలంలో ఇది చిన్న సాహసం కాదు.

ఆ తిరునెల్వేలి సొసైటీ ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలో, అడవి పక్కనున్న దోర్నకల్. ఇవాళ అది తెలంగాణలోని మహబూబాబాదు జిల్లాలో ఉంది. కొత్తగూడెం వైపు వెళ్లే రైలు అక్కడే మళ్లుతుంది. ఇతరుల్ని పంపిస్తూ తాను కుర్చీలో కూర్చోవడం నచ్చక, 1909లో గురువుగా అభిషేకం పొంది అజరయ్య గారే అక్కడికి తరలివెళ్లారు. అప్పటికాయనకు ముప్పైఅయిదేళ్లు. ఆ వయసులో తెలుగు అక్షరాలతో మొదలుపెట్టారు. భార్య అన్బు మరియమ్మ గారు దక్షిణదేశ క్రైస్తవ స్త్రీలలో కాలేజీ చదువు చదివిన మొదటి తరం మనిషి. ఆమె కూడా ఆ పల్లెకే వచ్చి కాపురం పెట్టారు. సరిహద్దు జిల్లాల్లో పుట్టి పెరిగిన మనకు రెండు భాషలు ఉగ్గుపాలతోనే అబ్బుతాయి గనుక, పెద్ద వయసులో ఇంకో భాషలోకి దిగడంలో ఉన్న కష్టం మనకు వెంటనే తెలియదనుకుంటాను.

దోర్నకల్ వచ్చిన మరుసటి ఏడాదే ఎడింబరో పిలుపు వచ్చింది. ఆ సభకు వచ్చిన ప్రతినిధులు పన్నెండు వందలకు పైమాటే. అందులో ఆసియావాళ్లు ఇరవైమంది కూడా లేరు. విదేశీ పనివారికి, స్థానిక పనివారికి మధ్య సహకారం గురించి మాట్లాడమని అజరయ్య గారికి చెప్పారు. మెచ్చుకోలు మాటలు నాలుగు చెప్పి దిగిపోతారని చాలామంది అనుకొని ఉంటారు. ఆయన అలా దిగిపోలేదు. మిషనరీలు త్యాగం చేయలేదని ఎవరూ అనరు, ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, కాని తమతో కలిసి పనిచేసే భారతీయుణ్ణి ఇంటికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని భోజనం పెట్టినవారెందరు అని అడిగారు. మాకు కావలసింది స్నేహితులు, స్నేహితుల్ని ఇవ్వండి అంటూ ముగించారు. కొందరు మిషనరీలకు కోపం వచ్చింది. కొందరికి సిగ్గేసింది. వందేళ్ల తర్వాత కూడా ఆ మహాసభ చరిత్ర రాసేవారు ఆ ప్రసంగం దగ్గర ఆగకుండా ముందుకు వెళ్లడం లేదు.

అంత ఘాటుగా మాట్లాడినవాణ్ణి మూడేళ్లు తిరక్కుండానే బిషప్‌ను చేశారంటే, దాని వెనుక మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ గారి పట్టుదల ఉంది. ఈయన తత్త్వవేత్త ఆల్‌ఫ్రెడ్ నార్త్ వైట్‌హెడ్‌కు అన్నగారు. మన గ్రామదేవతల మీద ఒక పుస్తకం కూడా రాశారు. ఒక నల్లవాడి కింద తెల్లవాళ్లు పనిచేయడమా అని కొందరు, తిరునెల్వేలి నాడార్ మాకు పెద్దా అని మన క్రైస్తవులలోనే కొందరు అడ్డుపడ్డారు. అయినా 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ ఆయనే. ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆయన చనిపోయేదాకా, అంటే ముప్పైరెండేళ్ల పాటు, ఒక ఆంగ్లికన్ డయోసీసును సొంతంగా ఏలిన భారతీయుడు ఇంకొకరు లేరు. తలుపు తెరిచారు గాని, ఒక్కరికే తెరిచారు.

మొదట దోర్నకల్ డయోసీసు చిన్నదే. 1920 ప్రాంతంలో కృష్ణా జిల్లా, నంద్యాల వైపు తెలుగు సంఘాలను కూడా అందులో కలిపారు. అలా నిజాం ఏలుబడిలో కొంత, బ్రిటిష్ ఏలుబడిలో కొంత ఉన్న తెలుగు నేలంతా ఒక తమిళుడి చేతికి వచ్చింది. ఎడ్లబండి మీద ఊరూరా తిరిగారు. చేరేవాళ్లలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. ఒక్కొక్కరుగా కాదు, పెద్దలు కూర్చుని మాట్లాడుకుని పేటలకు పేటలే వచ్చేవి. 1941 నాటికి ఆ డయోసీసులో క్రైస్తవులు రెండు లక్షలు దాటారు. పల్లె బడులు, ఉపాధ్యాయులు, సహకార సంఘాలు, అచ్చుయంత్రం వచ్చాయి. మాలపేటకూ మాదిగపేటకూ ఉన్న దూరం చర్చిలోకి కూడా వచ్చి కూర్చుంది. దానితో ఆయన పోరాడారు గాని, పూర్తిగా గెలిచారని చెప్పలేం.

గాంధీగారితో పేచీ ఈ దగ్గరే వచ్చింది. ఏమీ తెలియని హరిజనుల్ని గుంపులుగా మతం మారుస్తున్నారని గాంధీగారి అభ్యంతరం. అణగారినవాడికి తన దారి తాను ఎంచుకునే తెలివి లేదనడం న్యాయం కాదని అజరయ్య గారి పక్షం. ఇద్దరిలో ఎవరి మాట సరైనదో తేల్చడం ఈ ప్రసంగం పని కాదు. కాని ఒక సంగతి మరవరాదు. 1932లో బ్రిటిష్ ప్రభుత్వం కమ్యూనల్ అవార్డు ప్రకటించి క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇస్తే, వద్దన్నవారిలో అజరయ్య గారు ముందున్నారు. క్రైస్తవులు దేశంలో వేరే రాజకీయ తెగగా మిగిలిపోతే తమ పని చెడుతుందని ఆయన భయం.

దోర్నకల్ వెళ్లినవారు అక్కడి కెథెడ్రల్ చూసే ఉంటారు. కట్టడానికి చాలా ఏళ్లు పట్టి, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. మసీదులకుండే గుమ్మటాలు, మినార్లు, గుడి మంటపాలకుండే చెక్కడపు స్తంభాలు, వాటి మీద తామరపూలు. ఇంగ్లండు పల్లెలోని చర్చికి నకలు తెచ్చి పెట్టుకోవడం ఆయనకు నచ్చలేదు.

ఇక సంఘాల ఐక్యత సంగతి. ఇంగ్లండులో ఎప్పుడో జరిగిన తగాదాలకు తెలుగు పల్లెలో ఆంగ్లికన్, మెథడిస్టు అంటూ విడిగా కూర్చోవడమేమిటని ఆయన బాధ. 1919 మే నెలలో తరంగంబాడిలో ముప్పైముగ్గురు గురువులు కూర్చుని ఐక్యత ప్రకటన రాశారు. వాళ్లలో అజరయ్య గారు ముఖ్యులు. స్విట్జర్లాండులోని లొసాన్‌లో 1927లోను, ఎడింబరోలో 1937లోను అంతర్జాతీయ సభల్లో ఇదే మాట చెప్పారు. మీకు ఐక్యత మంచి ఆదర్శం కావచ్చు, మాకది బతుకు ప్రశ్న అన్నది ఆయన వాదం సారాంశం. 1938 డిసెంబరులో మద్రాసు దగ్గర తాంబరంలో ప్రపంచ మిషనరీ సభ జరిగినప్పుడు, ఇరవైఎనిమిదేళ్ల కిందట ఎడింబరోలో అతిథిగా మాట్లాడిన మనిషి ఈసారి ఆతిథ్యమిచ్చేవారిలో ఉన్నారు.

చర్చలు సాగాయి, సాగాయి. బిషప్ చెయ్యి తల మీద పడకుండా గురువులైనవారిని ఎలా ఒప్పుకోవాలన్నది చిక్కుముడి. అది విడిపోయే రోజు చూడకుండానే 1945 జనవరి 1న దోర్నకల్‌లో అజరయ్య గారు కన్నుమూశారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన నలభైమూడు రోజులకు, 1947 సెప్టెంబరు 27న, మద్రాసు సెయింట్ జార్జి కెథెడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం, మనం సి.ఎస్.ఐ. అనేది, ఏర్పడింది. ఇవాళ బెంగుళూరులో ఆ సంఘం చర్చిలలో కన్నడంలో, తమిళంలో, తెలుగులో, ఇంగ్లీషులో ఆరాధనలు జరుగుతాయి. ఎలక్ట్రానిక్ సిటీలో పనిచేసే మన పిల్లలు కొందరు ఆదివారం నాడు అక్కడ తెలుగు వినడానికి వెళుతుంటారు.

అయితే ఆ 1947లో అందరూ చేరలేదు. ఐక్యత కోసం జీవితమంతా మాట్లాడిన ఆ బిషప్ సొంత డయోసీసులోనే, మన రాయలసీమలోని నంద్యాల సంఘాలవారు మేము రామని ఆగిపోయారు. వాళ్లు ఆ గుమ్మం దాటడానికి ఇంకో పాతికేళ్ల పైనే పట్టింది.