కృష్ణాపత్రిక: వారపత్రికాసాక్ష్యము

ఆంధ్రదేశమున జాతీయోద్యమచరిత్ర వ్రాయువారు కృష్ణాపత్రికను తరచుగ సాక్ష్యముగా గ్రహింతురు. అది ఎట్టి విషయమున సాక్ష్యము కాగలదో, ఎట్టి విషయమున కాజాలదో ముందుగ విచారింపవలసియున్నది.

1902లో కొండా వెంకటప్పయ్య, దాసు నారాయణరావుగార్లు బందరులో ఈ పత్రికను స్థాపించిరి. తొలుత పక్షపత్రికగా వెలువడి, పిదప వారపత్రిక యైనది. పేరునుబట్టి దీని పరిధిని నేటి కృష్ణాజిల్లాకు పరిమితము చేయరాదు. గుంటూరుజిల్లా ప్రత్యేకముగ ఏర్పడినది 1904లో. స్థాపననాటి కృష్ణాజిల్లా అంతకంటె విశాలమైనది.

1907లో బిపినచంద్రపాలుడు ఆంధ్రదేశమున పర్యటించినపుడు ముట్నూరి కృష్ణారావుగారు ఆయన వెంట నుండిరి. ఆ యేటనే వారు సంపాదకత్వమును వహించి, 1945లో మరణించువరకు నిర్వహించిరి. ఇంతలో పత్రికాలోకమున గొప్ప మార్పు కలిగినది. 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టిన ఆంధ్రపత్రిక 1914లో మదరాసున దినపత్రిక యయ్యెను. వార్తను ముందుగ నందించుటలో జిల్లాపట్టణపు వారపత్రిక దినపత్రికతో పోటీపడజాలదు. పాఠకుడు అప్పటికే విన్న వార్తకు అర్థము చెప్పుట దాని పని యైనది. కృష్ణాపత్రికకు ప్రతిష్ఠ తెచ్చినది సంపాదకీయమే. రాజకీయములతోపాటు సాహిత్యము, కళలు, తత్త్వము కూడ కృష్ణారావుగారి రచనకు విషయములైనవి. సాయంకాలములందు కార్యాలయమున జరిగిన సాహిత్యగోష్ఠి ‘దర్బారు’ అను పేర ప్రసిద్ధి కెక్కినది.

దీనినుండి పరిశోధకుడు మూడు విషయములు గమనింపవలెను. మొదటిది: సంచికపై నున్న తేదీ ప్రకటనతేదీయే గాని సంఘటనతేదీ కాదు. తేదీలను దినపత్రికలతోను, ప్రభుత్వపత్రములతోను సరిచూచుకొనవలెను. రెండవది: 1910 నాటి ముద్రణాశాసనము ననుసరించి ప్రభుత్వము ధరావతు కోరుటకును, దానిని జప్తు చేయుటకును అప్పుడు వీలుండెను. అందుచేత ఒక విషయమున పత్రిక మౌనము వహించినంతమాత్రమున దానికి ఆసక్తి లేదనుట తగదు. మూడవది మిక్కిలి ముఖ్యము. సుమారు నాలుగు దశాబ్దులు ఒక్కరే సంపాదకులుగ నున్న పత్రికలోని అభిప్రాయము ప్రజాభిప్రాయమునకు ప్రతిబింబ మని వెంటనే గ్రహింపరాదు. అది ప్రజాభిప్రాయమును తీర్చుటకు జరిగిన యత్నము. ఆ యత్నము ఎంతవరకు ఫలించెనో ఇతరాధారములచే నిరూపింపవలెను.

ఇట్లు చూచినచో పత్రిక విలువ తగ్గదు. విద్యావంతులైన ఆంధ్రులకు వారమువారము ఏ భావములు, ఏ భాషలో అందెనో తెలుపుటలో దానికి సాటి యగు ఆధారములు అరుదు. అయితే ఈ పరిశీలనకు ఏరి కూర్చిన వ్యాససంపుటములు చాలవు. సంచికలను వరుసగ చదువవలెను. పత్రికాకాగితము ఎక్కువకాలము నిలువదు. మిగిలియున్న సంచికలకు సూచికలు సిద్ధముచేయుట విశ్వవిద్యాలయముల తక్షణకర్తవ్యము.