కడుపులో పాములు – కొన్ని పాత సంగతులు

ప్రత్యేక సంచికకు “మీ శాఖ చరిత్ర ఏదైనా రాయండి” అని కార్యదర్శిగారు అడిగారు. 1974 నుంచి 2009 దాకా ఆపరేషన్ థియేటరులో అసిస్టెంటుగా చేసినవాణ్ణి. పెద్ద డాక్టర్ల చరిత్ర రాయడానికి చాలామంది ఉన్నారు గనుక నేను ఏలికపాముల చరిత్ర రాస్తున్నాను. భోజనానికి ముందు మాత్రం చదవకండి.

ఏలికపాము జానెడు పైచిలుకు ఉంటుంది. ఆడది రోజుకు సుమారు 2 లక్షల గుడ్లు పెడుతుంది. మట్టిచేతుల ద్వారా, కడగని కూరల ద్వారా ఆ గుడ్లు కడుపులో చేరతాయి. పది పాములుంటే మనిషికి తెలియదు. వందలు చేరితే చిన్నపేగు చివర, ఇరుకు దగ్గర, తాడులా పెనవేసుకొని దారి మూసేస్తాయి. పేగు మెలిపడవచ్చు, కుళ్లిపోవచ్చు. కొన్ని పిత్తనాళంలో దూరతాయి. కాశ్మీరులో ఈ బాధ ఎక్కువ. శ్రీనగర్ డాక్టరు ఖురూ గారి బృందం 1990లో ఇలాంటి 500 మంది రోగుల గురించి లాన్సెట్ పత్రికలో రాసింది.

మందుల సంగతికొస్తే, మా పాత కాంపౌండరుగారు శాంటోనిన్ కాలం మనిషి. అది వేసుకున్నవాళ్లకు లోకమంతా పసుపుపచ్చగా కనబడేదని నవ్వుతూ చెప్పేవారు. 1950ల్లో పైపరజీన్, 1970ల్లో మెబెండజోల్, ఆ తర్వాత ఆల్బెండజోల్ వచ్చాయి. 2015 ఫిబ్రవరి 10న దేశంలో నులిపురుగుల దినం మొదలైంది. ఇప్పుడు బడిలోనే మాత్ర నమిలిస్తున్నారు. నేను రిటైరయ్యే నాటికే ఈ ఆపరేషన్లు అరుదైపోయాయి.

1976లో ఒక రాత్రి ఆరేళ్ల పాపను తెచ్చారు. మామూలుగా ఇలాంటివారికి నోటికి ఏమీ ఇవ్వకుండా, ముక్కులో గొట్టం వేసి, సెలైను ఎక్కిస్తే చాలాసార్లు ముడి దానంతటదే విడిపోయేది. ఆ పాపకు విడిపోలేదు. సర్జనుగారు పొట్ట తెరిచి, పేగు కోయకుండా, పొదుగు పితికినట్లు వేళ్లతో పాములను పెద్దపేగులోకి నెట్టారు. పేగు కోసి కుడితే మిగిలిన పాములు కుట్లలోంచి దూరి బయటికి వస్తాయని భయం. అయినా అడుగు పొడవున నల్లబడిన పేగును తీసెయ్యక తప్పలేదు. పాప బతికింది.

బయటికొచ్చి సర్జనుగారు తండ్రిని గట్టిగా అడిగారు: “దారి మూసుకుపోయిన కడుపుకు ఆముదం ఎవరు పట్టమన్నారయ్యా?”

నేను ట్రే పట్టుకొని అక్కడే నిలబడిపోయాను. 1959లో మా చెల్లెలికి నాలుగేళ్లు. పొట్ట ఉబ్బి, పచ్చటి వాంతులు. ఒక వాంతిలో పాము పడింది. పాములే కదా అని అమ్మ ఆముదం పట్టింది, మర్నాడు మళ్లీ పట్టింది. బండి కట్టించేసరికే ఆలస్యమైంది. మూడో రోజున పోయింది. దిష్టి తగిలిందన్నారు ఊళ్లో. ఆముదం పట్టకపోయినా దక్కేదో లేదో, పద్నాలుగు మైళ్ల దూరంలో ఆసుపత్రి.

అమ్మ 1994 దాకా ఉంది. ఈ సంగతి ఆమెకు నేను చెప్పలేదు. మా అన్నయ్యకు కూడా ఈ సంచిక అందాకే తెలుస్తుంది.