ఊగే బాతు

పోయిన వేసవిలో మా కాలనీ లైబ్రరీలో పిల్లలతో మొబైళ్లు చేయించాను. జేబులో మోగేవి కాదు, పైకప్పుకి వేలాడుతూ గాలికి కదిలే శిల్పాలు. సామాను ఏముంది, బట్టల హ్యాంగర్ల తీగ, కుట్టుదారం, పాత పెళ్లికార్డులు. ముందుగా అలెగ్జాండర్ కాల్డర్ కథ చెప్పాను, పుస్తకాల్లో ఉండే వరసలోనే.

1930లో కాల్డర్ పారిస్‌లో మోండ్రియన్ స్టూడియోకి వెళ్లాడు. గోడమీది రంగు చతురస్రాలు చూసి, ఇవి కదిలితే బావుంటుంది కదా అన్నాడు. అక్కర్లేదు, నా బొమ్మలు ఇప్పటికే వేగంగా ఉన్నాయన్నాడట మోండ్రియన్. మరుసటి ఏడు కాల్డర్ చేసిన కదిలే శిల్పాలకి మార్సెల్ డుషాం ‘మొబైల్’ అని పేరు పెట్టాడు. అలా ఓ కొత్త కళ పుట్టింది!

ఈ పుట్టుక కథ మీద నాకు నమ్మకం సడలింది. కాల్డర్ పదకొండేళ్లప్పుడు, 1909 క్రిస్మస్‌కి, ఇత్తడి రేకు కత్తిరించి, వంచి ఓ కుక్కనీ ఓ బాతునీ చేసి అమ్మానాన్నలకిచ్చాడు. బాతు అడుగు వంపుగా ఉంటుంది, తడితే ఊగుతుంది. తాతా తండ్రీ ఇద్దరూ శిల్పులే. ఫిలడెల్ఫియా సిటీహాలు మీద నిలబడ్డ విలియం పెన్ విగ్రహం తాత చేసిందే. అలాంటి ఇంట్లో పిల్లాడు ఊగే బాతు చేశాడు. తర్వాత మెకానికల్ ఇంజనీరింగ్ చదివి 1919లో పట్టా పుచ్చుకున్నాడు (మన ఇళ్లలో అయితే కథ అక్కడితో సరి). 1926 నుంచి పారిస్‌లో తీగ, బెండు, గుడ్డపీలికలతో బుల్లి సర్కస్ కట్టి, నేలమీద కూచుని తనే ఆడించి చూపేవాడు. మోండ్రియన్ దగ్గర దొరికింది అమూర్తత. కదలిక మాత్రం ఆటబొమ్మలదే అంటాను.

ఆ సర్కస్ ఇప్పుడు న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం సొత్తు. ముట్టుకోనివ్వరు. పాడైపోతుంది మరి, వాళ్లని తప్పుపట్టలేం.

తొలి మొబైళ్లలో కొన్నిటికి మోటార్లుండేవి. మోటారు చేసిందే చేస్తుంది. గాలి అలా కాదు. కాల్డర్ కూడా త్వరలోనే గాలివైపు మొగ్గాడు. 1955లో గీరా సారాభాయ్ పిలిస్తే అహ్మదాబాద్ వచ్చి, అక్కడా కొన్ని చేశాడు.

లైబ్రరీలో తప్పు నాది. పెద్ద తీగ ముందు వేలాడదీసి దానికి ఒక్కోటీ కట్టమన్నాను. ఇటు కడితే అటు లేస్తోంది, అటు సరిచేస్తే ఇటు జారుతోంది. పిల్లలకి విసుగొచ్చింది. ఎనిమిదేళ్ల పాప ఒకతె మొత్తం విప్పేసింది. సర్దబోయి, ఎందుకో ఆగాను. అన్నిటికంటే చిన్న తీగకి రెండు అట్టముక్కలు కట్టి, వేలిమీద నిలబెట్టి, నిలిచిన చోట దారం ముడేసింది. ఆ జతని పై తీగకి ఒకే ముక్కలా తగిలించింది. మళ్లీ వేలు, మళ్లీ ముడి. బరువైనది ముడికి దగ్గరగా, తేలికది దూరంగా. సీసామీద లావుపాటి అన్నయ్య మధ్యకి జరిగి కూచున్నట్టు.

కాల్డర్ చేసేదీ అలాగే, చిన్న కొసనుంచి మొదలుపెట్టి పైకి. ఆ సంగతి నేను చదివే ఉన్నాను. చేయించేటప్పుడు గుర్తుకు రాలేదు, అంతే.

సాయంత్రానికి పదకొండు వేలాడాయి. చిక్కుపడతాయి, ఫ్యాను ఆపండని ఓ తల్లి అంది. పిల్లలు ఒప్పుకోలేదు.