అడుగు, శ్వాస, గంటల చప్పుడు

ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర మీద ఏదైనా వ్రాయమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, తపాలా శాఖలో పనిచేసినవాణ్ణి గనుక, కాలినడకన టపా మోసినవారి గురించి వ్రాద్దామనుకున్నాను. వ్రాయబోతే విషయం ధ్యానం మీదికి మళ్ళింది. ఎలా మళ్ళిందో మనవి చేస్తాను.

వికారాబాదు పక్కనున్న అనంతగిరి మనకు కొత్త కాదు. మూసీ పుట్టేది అక్కడే. మార్కండేయ మహర్షి తపస్సు చేసిన చోటు అదేనని స్థలపురాణం. ముచుకుందుడి కథనూ ఆ కొండకే ముడిపెట్టి, మూసీని ముచుకుంద నది అంటారు. భాగవతం దశమ స్కంధంలోని ఆ కథను చిన్నతనం నుంచి వింటున్నాను గాని, అది ఒక పరుగు కథ అని గమనించింది ఈమధ్యనే. కాలయవనుడు తరుముతుంటే శ్రీకృష్ణుడు ఆయుధం పట్టకుండా, అందీ అందనట్టు పరుగెత్తి గుహలో దూరాడు. తరిమినవాడు ఆవేశంలో, లోపల పడుకున్నది ఎవరో చూడకుండా కాలితో తన్ని, ముచుకుందుడి చూపుకు బూడిదయ్యాడు. ఇద్దరూ పరుగెత్తినది ఒకే దారి. ఒకరి మనస్సు నిలకడగా ఉంది, రెండోవాడిది లేదు.

పురాణం వదిలి చరిత్రకు వస్తే, 1333లో సింధు నది దాటి మన దేశానికి వచ్చిన ఇబన్ బతూతా కాలినడక టపాను కళ్ళకు కట్టినట్టు వర్ణించాడు. ప్రతి మైలును మూడు భాగాలు చేసి, ఒక్కొక్క భాగానికి ఒక మజిలీ పెట్టేవారట. టపా మనిషి ఒక చేతిలో ఉత్తరాలు, రెండో చేతిలో రెండు మూరల కర్ర పట్టుకొని, ఉన్న బలమంతా పెట్టి పరుగెత్తేవాడు. కర్ర కొసన రాగి గంటలు ఉండేవి. ఆ చప్పుడు వినగానే తరువాతి మజిలీ మనిషి నడుం బిగించి సిద్ధంగా ఉండేవాడు. ఈ టపా గుర్రపు టపా కన్నా వేగమని కూడా అతడే వ్రాశాడు. సింధు నుంచి ఢిల్లీకి యాభై రోజుల ప్రయాణమైతే, వార్త అయిదు రోజుల్లో చేరేదట.

మూడు వందల యేళ్ళ తరువాత గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టవెర్నియే మరికొన్ని సంగతులు చెప్పాడు. ఉత్తరాలను చేతికి చేయి అందిస్తే అపశకునమని, వచ్చినవాడు వాటిని గుడిసె వాకిట పడవేసేవాడు. రెండోవాడు తీసుకొని పరుగు లంకించుకొనేవాడు. చెట్లు లేని దారుల్లో అయిదు వందల అడుగులకు ఒకచోట చిన్న రాళ్ళు ఉండేవి. చీకటి రాత్రి, వానలో టపా మనిషికి దారి తెలియడానికి దగ్గరి ఊరివారు వాటికి అప్పుడప్పుడు సున్నం కొట్టాలి. (తాండూరు వారికి రాళ్ళకు మాత్రం ఏనాడూ కరువు లేదు!)

నన్ను ఆపింది ఈ తెల్లరాళ్ళే. చిమ్మచీకటి, ఎదురుగా ఒక తెల్లని మచ్చ, చెవిలో అడుగుకొకసారి గంటల మోత. చూపు ఒకచోట, చెవి ఒకచోట. ధ్యానం నేర్పేవారు చెప్పేదీ ఇంతకన్నా వేరు కాదు గదా అనిపించింది.

అయితే ఇక్కడ ఒక మాట. వారిని యోగులుగా చిత్రించి చేతులు దులుపుకోవడం నాకు ఇష్టం లేదు. వారు పరుగెత్తింది మోక్షానికి కాదు, కూటికి. పేజీల కొద్దీ వర్ణించిన ఆ ఇద్దరు యాత్రికులూ ఒక్క టపా మనిషి పేరైనా వ్రాయలేదు. నేర్పు అని చెప్పవలసిన చోట తపస్సు అని చెబితే, కూలి సంగతి మరుగున పడిపోతుంది.

1874లో వాడీ నుంచి సికింద్రాబాదుకు రైలుమార్గం పడి, తాండూరు, వికారాబాదు దాని మీదికి వచ్చాయి. టపా సంచి రైలెక్కింది. రెండు ఊళ్ళ నడుమ నలభై కిలోమీటర్లు మనిషి ఊపిరితో కొలిచే అవసరం తీరింది. స్టేషను నుంచి లోపలి పల్లెలకు మాత్రం కాళ్ళే దిక్కు. 1950లో నిజాం టపా భారత తపాలా శాఖలో కలిసిపోయింది.

ఆ నేర్పును తరువాత పరీక్షించి చూసినవారు అమెరికా శాస్త్రజ్ఞులు. 1977లో మోర్గన్, పొలాక్ అనేవారు మారథాన్ పరుగువీరులను ప్రశ్నించారు. దూరం మరచిపోవడానికి మనస్సును మరెక్కడికో పంపుతారేమో అనుకుంటే, మేటి పరుగుగాళ్ళు దానికి విరుద్ధంగా చెప్పారు: శ్వాస ఎలా ఉంది, కాళ్ళు ఎలా ఉన్నాయి అని శరీరాన్నే గమనిస్తూ ఉంటామన్నారు. 1983లో మోర్గన్ బృందమే మరొక ప్రయోగం ప్రకటించింది. యంత్రపు పట్టా మీద నడిచేవారిని ఎదురుగా ఒకే చోట చూపు నిలిపి, అడుగడుగుకూ ‘డౌన్’ అనే మాటను మనస్సులో అనుకోమన్నారు. అలా చేసినవారు ఎక్కువసేపు నడిచారు. మన భాషలో మొదటిది సాక్షిగా చూడడం, రెండోది జపం. తెల్లరాయీ గంటా నాకు ఈ రెండో పద్ధతికే దగ్గరగా కనిపిస్తాయి.

అదే యేడాది బ్రాంబుల్, క్యారియర్ అనే మరి ఇద్దరు, దౌడు తీసే నాలుగు కాళ్ళ జంతువు గంతుకొక శ్వాస తీస్తుందని, మనిషి మాత్రం ఆ లెక్కను మార్చుకోగలడని చూపారు. అనుభవమున్న పరుగుగాడికి ఎక్కువగా నాలుగు అడుగులకు ఒక శ్వాస కుదురుతుందట.

ధ్యానాన్నీ దూరాన్నీ తెలిసి కలిపినవారూ లేకపోలేదు. జపాన్‌లో హియే పర్వతం మీద తెందాయ్ సన్యాసులు ఏడేళ్ళలో వెయ్యి రోజులు కొండ దారుల్లో నడిచే వ్రతం చేస్తారు. పుదుచ్చేరి అరవిందాశ్రమంలో పెరిగి 1964లో అమెరికా వెళ్ళిన శ్రీ చిన్మయ్ శిష్యులు 1997 నుంచి న్యూయార్కులో 3,100 మైళ్ళ పరుగు జరుపుతున్నారు. ఒకే వీధి చుట్టూ 5,649 ప్రదక్షిణలు, 52 రోజుల గడువు! గుడి చుట్టూ నూట ఎనిమిది తిరిగితేనే ఇంట్లో వారం రోజులు చెప్పుకునేవాళ్ళం మనం.

ఇక నా సంగతి. ఉద్యోగ విరమణ తరువాత రెండేళ్ళు కుర్చీ వదల్లేదు. ఒకనాడు మెట్లెక్కుతూ ఆయాసంతో మధ్యలో కూర్చుండిపోయాను. డాక్టరు గారు పరీక్షలన్నీ చేయించి, నిదానంగా నడవమన్నారు, పరుగు జోలికి పోవద్దన్నారు. అప్పటి నుంచి వారానికి రెండుసార్లు అనంతగిరి ఘాటు దారిలో కొంత దూరం నడుస్తున్నాను. నిజాం కాలంలో క్షయరోగులకు ఆసుపత్రి కట్టింది ఆ కొండ మీదనే. ఊపిరి కోసం ఎంతమంది ఆ దారి ఎక్కారో! నాలుగు అడుగులకు ఒక శ్వాస నాకు అందదు. ఎత్తులో రెండు అడుగులకే వస్తుంది. ఎదుటి మలుపు దగ్గర రాయి మీద చూపు పెట్టి లెక్కపెడుతూ పోతాను. పెన్షను బకాయి గుర్తుకొచ్చిందా, లెక్క తప్పుతుంది. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడతాను. మొన్న డెబ్భై రెండు దాకా వచ్చింది.