సమర్తకు ముందటి రెండేళ్ళు

ఆడపిల్ల మొదటిసారి రుతుమతి అయిన రోజుకు మన భాషలో పేర్లకు కొదవ లేదు. సమర్తాడింది, ఈడేరింది, పెద్దమనిషయింది, పుష్పవతి అయింది, రజస్వల అయింది—ఇలా ఎన్నో. చాపా, చిమ్మిలీ, పేరంటమూ, పాటలూ అన్నీ ఆ రోజు చుట్టూనే అల్లుకున్నాయి. కాని అంతకు ముందు రెండు మూడేళ్ళుగా ఆ పిల్ల శరీరంలో జరుగుతూ వచ్చిన మార్పుకు వాడుకలో పేరు వెతికితే దొరకటం కష్టం. అలంకారశాస్త్రంలో మాత్రం 'వయస్సంధి' అనే మాట వుంది. అది చూసే పురుషుడి రసికత కోసం పుట్టిన మాట. మార్పుకు లోనవుతున్న పిల్లకు దానివల్ల ఒరిగింది లేదు.

ఈ లోటు యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం. ఆడపిల్ల శరీరాన్ని గురించి మన సమాజం చాలాకాలం అడిగిన ప్రశ్న ఒక్కటే: పిల్లను ఇచ్చే వేళ అయిందా, లేదా? ఆ ప్రశ్నకు జవాబుగా ఒక తేదీ చాలు. ఎదుగుదల క్రమం ఎవరికీ అక్కరలేదు.

పరాశరస్మృతి ఎనిమిదేళ్ళ పిల్లను గౌరి అనీ, తొమ్మిదేళ్ళ పిల్లను రోహిణి అనీ, పదేళ్ళ పిల్లను కన్య అనీ, ఆపైన రజస్వల అనీ లెక్కకట్టింది. శరీరాన్ని చూడకుండా అంకెతో తీర్పు చెప్పటం యిది. పెళ్ళి కాకముందే కూతురు రజస్వల అయితే తండ్రికి పాపమన్న భయమూ, కన్యాశుల్కం పేరిట చేతికి వచ్చే డబ్బూ కలిసి ఆ అంకెను యింకా కిందికి లాగాయి. 1897 నాటి 'కన్యాశుల్కం' పీఠికలో గురజాడ పేర్కొన్న పట్టిక మనకు తెలియనిది కాదు. విజయనగరం మహారాజా ఆనందగజపతి విశాఖపట్నం జిల్లాలో సేకరింపజేసిన ఆ లెక్కలో మూడేళ్ళ కాలానికి 1034 కన్యాశుల్క వివాహాలు తేలాయి. ఐదేళ్ళ పెళ్ళికూతుళ్ళు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు 6, ఏడాది పిల్లలు ముగ్గురు. క్లాసులో ఈ అంకెలు చదివితే మొదట నవ్వే విద్యార్థులు చివరి అంకె దగ్గర నవ్వటం మానేస్తారు.

చట్టం కూడా అంకె దగ్గరే ఆగింది. 1890లో కలకత్తాలో ఫూల్మణి దాసి కేసు విచారణకు వచ్చింది. పదేళ్ళు దాటినా యింకా రజస్వల కాని ఆ పిల్ల భర్త బలాత్కారం వల్ల చనిపోయింది. భార్యకు పదేళ్ళు నిండితే చాలు, ఆనాటి శిక్షాస్మృతి ప్రకారం అది బలాత్కారం కాదు. భర్తకు పడింది ఏడాది శిక్ష. ఆ సంచలనం తరువాత 1891లో ఆ వయస్సును పన్నెండుకు పెంచారు. మొదటి రుతువులోనే గర్భాధానం జరగాలన్నది శాస్త్రమని సనాతనులు అడ్డు తగిలారు; తిలక్ వంటి జాతీయవాదులు విదేశీ ప్రభుత్వపు జోక్యం కూడదన్నారు. 1929 నాటి శారదా చట్టం ఆడపిల్ల పెళ్ళి వయస్సును పద్నాలుగుగా నిర్ణయించింది. సంస్కర్తల కృషి గొప్పదే, ప్రాణాలు కాపాడింది. అయినా తగువంతా గీత ఎక్కడ గీయాలన్నదాని మీదనే సాగింది. ఆ పిల్లకు తన శరీరాన్ని గురించి చెప్పాలన్న ప్రశ్న వెనకబడిపోయింది.

ఆ క్రమాన్ని వైద్యశాస్త్రం పిల్లలను కొన్నేళ్ళపాటు పరీక్షించి తెలుసుకున్నది. లండన్‌కు సమీపంలోని హార్పెండెన్ పిల్లల ఆశ్రమంలో 192 మంది బాలికలను పరిశీలించి మార్షల్, టానర్ అనే శాస్త్రజ్ఞులు 1969లో ఫలితాలు ప్రకటించారు. సాధారణంగా ఎనిమిదికీ పదమూడుకీ మధ్య మొదట రొమ్ము కింద చిన్న గట్టి బుడిపె వస్తుంది. ఒక పక్క ముందూ, మరొక పక్క వెనకా రావచ్చు. తాకితే నొప్పి వుండవచ్చు. కొందరిలో వెంట్రుకలే ముందు కనిపిస్తాయి. పిల్ల వడిగా ఎత్తు పెరుగుతుంది, చెమట వాసన మారుతుంది, మొటిమలు వస్తాయి. రుతుస్రావానికి కొన్ని నెలల ముందు తెల్లని ద్రవం కనిపిస్తుంది. ఎత్తు పెరిగే వేగం తగ్గుముఖం పట్టిన తరువాతనే, అంటే మార్పు మొదలైన సుమారు రెండు రెండున్నరేళ్ళకు, మొదటి రుతుస్రావం. అప్పటికీ ఎదుగుదల ముగియదు. కటి ఎముకలు యింకా కొన్నేళ్ళు పెరుగుతూనే వుంటాయి. కాబట్టి పిల్ల పండిందనటానికి గుర్తుగా శాస్త్రులు పట్టుకున్న రోజు నిజానికి నడిదారిలో ఒక మజిలీ.

ఆ రోజు అందరికీ ఒకే వయస్సులో రాదు. తిండి చాలని పిల్లలకు ఆలస్యమవుతుంది. ఐరోపాలో పంతొమ్మిదవ శతాబ్దం నుంచి యీ సగటు వయస్సు తగ్గుతూ రావటానికి తిండీ, ఆరోగ్యమూ మెరుగుపడటమే ముఖ్యకారణం. శరీరానికి కూడా చరిత్ర వుందన్నమాట. కంచంలో ఏముందన్నది దానిని శాసిస్తుంది.

2006 నాటి చట్టం కూడా ఆడపిల్ల పెళ్ళికి పద్దెనిమిదేళ్ళు నిండాలంటున్నది. చట్టం యింత దూరం నడిచినా పిల్ల భయం యింకా వున్నచోటనే వుంది. రొమ్ము బుడిపెను గడ్డ అనుకొని ఏడ్చే పిల్లలున్నారు. సహజమైన తెల్లని ద్రవానికి మనం 'తెల్లబట్ట' అని జబ్బు పేరు పెట్టి వుంచాం. చాప మీద కూర్చోబెట్టిన తరువాత చెప్పే అంటూ మడీ ఆ భయానికి జవాబు కావు. ఎనిమిదేళ్ళకే మొదలు కాగల మార్పును మూడు, నాలుగు తరగతులలోనే, మగపిల్లలతో సహా, అందరికీ చెప్పాలి. ఇది ఉపాధ్యాయులమైన మనం తలపెట్టవలసిన పని. దీనికి ఏ చట్టం కోసమూ కాచుకొని కూర్చోనక్కరలేదు.