తుమ్మలపల్లె బురదకు కాపలా ఎవరు?

పులివెందుల పక్కన తుమ్మలపల్లెలో యూసీఐఎల్ యురేనియం తీశాక మిగిలే వ్యర్థం టెయిలింగ్ పాండ్‌కు పోతుంది. అది భూమిలోకి ఇంకకుండా అడుగున పొర ఉండాలి. ఆ పొర సరిగ్గా లేదని 2018లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలే నోటీసిచ్చింది. బోర్లు చెడినాయని, అరటి ఎండిందని రైతులు మొత్తుకున్నారు.

మరి అణు భద్రత చూసేదెవరు? 1983లో పెట్టిన ఏఈఆర్‌బీ. 2025 దాకా అది జవాబు చెప్పింది అణుశక్తి కమిషన్‌కు. ఆ కమిషన్ అధ్యక్షుడే అణుశక్తి శాఖ కార్యదర్శి. యూసీఐఎల్ కూడా ఆ శాఖదే! పరీక్ష రాసిందీ దిద్దిందీ ఒకే ఇంటోళ్లు. ఈ బోర్డుకు చట్టబద్ధమైన స్వతంత్రత లేదని 2012లో కాగ్ కూడా రాసింది. విడిగా సంస్థ పెడతామన్న 2011 బిల్లు చట్టం కాకుండానే మురిగిపోయింది.

తోట ఉన్నోళ్లకు పరిహారం అడగడానికి పాసుబుక్కైనా ఉంది. ఆ తోటలో కూలికి పోయే మనోళ్లకు అదీ లేదు. బయటి శాస్త్రవేత్తలతో నీళ్లు పరీక్ష చేయించి, ఫలితాలు తెలుగులో పంచాయతీ గోడకు అంటించమని నేనడుగుతున్నా.