మడుగు అడుగున గంధకం

నకిరేకల్ చుట్టుపక్కల నిమ్మతోటలున్న ఇళ్ళల్లో గంధకం సంచి కొత్తేం కాదు. నల్లి కనబడితే నీళ్ళల్లో కలిపి కొడతారు. "కళ్ళు మండుతయ్ బిడ్డా, దూరం జరుగు" అనేవాడు మా తాత. ఆ పసుప్పచ్చ పొడి ఏ నేలలోంచి వస్తుందో నేనెప్పుడూ అడగలేదు.

మా నేలలోంచి మాత్రం కాదు. గంధకం విడిగా దొరకాలంటే అగ్నిపర్వతమన్నా ఉండాలి, జిప్సం పొరలన్నా ఉండాలి. నల్లగొండది గ్రానైటు నేల.

తెలుగునాట దీని జాడ కోసం వెతుకుతూ పోతే కోనసీమలో, సముద్రం దగ్గర, సూరసానియానాంలో తేలాను. 1793లో సామర్లకోట వృక్షశాస్త్ర తోట బాధ్యత తీసుకున్న కంపెనీ ఉద్యోగి బెంజమిన్ హైన్ అక్కడి గంధకాన్ని గమనించాడు. 1814లో లండన్‌లో అచ్చయిన ఆయన వ్యాసాల పుస్తకం మన వజ్రాల గనుల గురించీ, ఇనుప కొలుముల గురించీ కూడా చెబుతుంది. ఈ గంధకం వేసవిలో ఎండే మడుగు అడుగున, మెత్తగానో చిన్న గడ్డలుగానో దొరికేది. ఇలాంటి ఉప్పునీటి బురదలో కుళ్ళిన ఆకూ అలమూ తినే సూక్ష్మజీవులు సల్ఫేటును కుళ్ళిన గుడ్డు వాసనొచ్చే వాయువుగా మారుస్తాయి. దానికి గాలి తగిలితే గంధకం మిగులుతుంది.

ఒక మొక్కల శాస్త్రవేత్తకి ఇదంతా ఎందుకు? తుపాకిమందు కోసమేనని నా అనుమానం. అందులో సుమారు 75 పాళ్ళు సురేకారం, 15 బొగ్గు, 10 గంధకం. సురేకారం ఇక్కణ్ణుంచే ఓడలకెక్కేది. ఆ పది పాళ్ళకే కరువు.

శుద్ధి చెయ్యడం మాత్రం మనవాళ్ళకి బాగా తెలుసు. రసవైద్యులు గంధకాన్ని నెయ్యిలో కరిగించి, గుడ్డలోంచి పాలలోకి వడగట్టి, వేణ్ణీళ్ళతో కడిగేవాళ్ళు. సుమారు 115 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి మట్టి గుడ్డ మీదే ఉండిపోతుంది. సిసిలీలోనూ సూత్రం ఇదే, పద్ధతే మోటు: ఖనిజాన్ని కుప్పపోసి నిప్పంటిస్తే కొంత గంధకం కాలి, ఆ వేడికి మిగతాది కరిగి కిందికి కారేది. పందొమ్మిదో శతాబ్దంలో లోకానికి గంధకం ఎక్కువగా అక్కణ్ణుంచే వెళ్ళింది. సూరసానియానాం మడుగు ఆ లెక్కల్లోకే రాలేదు.

అన్నీ మన దగ్గరే ఉండేవని చెప్పుకోవడం మనకిష్టం. గంధకం దగ్గర ఆ మాట నిలవదు. విద్య ఉంది, గని లేదు.

ఇప్పుడు ప్రపంచంలో గంధకం ఎక్కువగా చమురునీ సహజవాయువునీ శుద్ధి చేసేటప్పుడే వస్తోంది. విశాఖ రిఫైనరీలోనూ తీస్తారు. తాత సంచిలోది బహుశా ఏ గనీ చూసి ఉండదు. ఘాటు మాత్రం అదే.